దెయ్యం కథను వెలివేసిన అభ్యుదయం

"దెయ్యాల కథలు మనకెందుకు?" అన్న మాట మన సంఘాల్లో ప్రశ్నగా వినిపించదు, తీర్పుగా వినిపిస్తుంది. తిరుపతిలో విద్యార్థుల అధ్యయన తరగతికి కథలు ఏరేటప్పుడైనా, ఉపాధ్యాయ మిత్రులు సెలవుల్లో పిల్లలు చదవవలసిన పుస్తకాల జాబితా రాసేటప్పుడైనా చూడండి. ఆకలి కథ వుంటుంది, సమ్మె కథ వుంటుంది, కరువు కథ వుంటుంది. భయం కథ వుండదు. ఎందుకు లేదని అడిగితే సమాధానం సిద్ధంగా వుంటుంది. దెయ్యం లేదు; లేనిదాన్ని వున్నట్టు రాయటం మూఢవిశ్వాసాన్ని పెంచటం; మూఢవిశ్వాసం పాలకవర్గాల ఆయుధం; కనుక భయం కథ పాలకవర్గాల కథ. అంకెలన్నీ సరిగ్గా వేసి కూడిక తప్పు చేసినట్టున్నది ఈ తర్కం. దెయ్యం లేదన్నది నిజం. మూఢవిశ్వాసం వల్ల ఎవరికి లాభమో మనకు తెలిసిందే. కాని లేనిదాన్ని గురించి రాయటమూ, అది వున్నదని నమ్మించటమూ ఒకటేనని ఎవరు నిర్ణయించారు?

మన గురువులు ఈ విషయంలో మనంత మడి కట్టుకోలేదు. 1848లో కమ్యూనిస్టు ప్రణాళిక రాసిన మార్క్సు, ఎంగెల్సు మొదటి వాక్యంలోనే యూరపు మీదికి ఒక భూతాన్ని వదిలారు. పెట్టుబడి బతికివున్న శ్రమను ఎట్లా పీల్చుకుంటుందో చెప్పవలసి వచ్చినప్పుడు మార్క్సుకు రక్తం తాగే పిశాచం కంటే తగిన పోలిక దొరకలేదు. చైనాలో లూసున్ 1918లో రాసిన "పిచ్చివాడి దినచర్య"లో ఒక మతి చెడినవాడు తన ఊరంతా మనుషుల్ని తింటున్నదని అనుమానిస్తాడు. చరిత్ర పుస్తకం తెరిస్తే నీతివాక్యాల సందుల్లో అదే కనిపిస్తుంది అతనికి. ఆ కథలో ఎవరూ ఎవరినీ మన కళ్ళ ముందు తినరు. అయినా చదివినవాడు పక్కింటివాడి పలకరింపుకు ఉలిక్కిపడతాడు. ఆధునిక చైనా కథాసాహిత్యానికి పునాది వేసిన రచనల్లో దానిని చెప్తారు. దాన్ని భయం కథ అని ఎవరూ వెలివేయలేదు.

అంత దూరం వెళ్ళనక్కరలేదు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా "చందమామ"ను నడిపారు. మార్క్సిస్టు, విప్లవ రచయితల సంఘానికి తొలి ఉపాధ్యక్షుల్లో ఒకరు. ఆ పత్రికలో నెలనెలా విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని శ్మశానం కేసి నడిచేవాడు. తెలుగు పిల్లలు తరాల తరబడి ఆ చీకట్లో వెంట నడిచారు. ఆ నడకలో భయపెట్టేది శవమా? కాదు. శవం కథ చెప్పి ప్రశ్న అడుగుతుంది. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. భయమంతా ఆ ప్రశ్నలో వున్నది. తెలిసి నోరుమూసుకునే చదువరికి ఇంతకంటే గట్టి హెచ్చరిక మన బాలసాహిత్యంలో నాకు కనిపించలేదు. నెత్తుటి చుక్క లేకుండా ఆ హెచ్చరిక చేయవచ్చునని ఒక మార్క్సిస్టు సంపాదకుడికి తెలుసు. ఆయన వారసులమని చెప్పుకునే మనకు తెలియకుండా పోయింది.

భయమూ నెత్తురూ ఒకటే అన్న భ్రమ కొత్తది. నాట్యశాస్త్రం కాలానికే ఈ రెంటికీ వేరు గదులున్నవి. భరతుడు భయానకాన్నీ బీభత్సాన్నీ రెండు రసాలుగా చెప్పాడు. ఒకదానికి స్థాయి భయం, రెండోదానికి జుగుప్స. తెగిన తలను చూసి ముఖం తిప్పుకోవటం జుగుప్స. తలుపు అవతల ఎవరున్నారో తెలియక చెవి ఒగ్గి నిలబడిపోవటం భయం. మొదటిది కడుపులో పుడుతుంది, రెండోది ఆలోచనలో పుడుతుంది. ఇంకొకటి కూడా భరతుడు చెప్పాడు, దాన్ని మన పండితులు ఎంతో వేగంగా దాటిపోతారు. భయానకానికి కారణాల్లో పాడిల్లు, అడవి, గుడ్లగూబ కూతతోపాటు గురువుకూ రాజుకూ చేసిన అపరాధాన్ని కూడా చేర్చాడు. భయపడటం స్త్రీలకూ నీచపాత్రలకూ సహజమని కూడా అన్నాడు. అది ఆయన కాలపు వర్గదృష్టి. మనం దాన్ని తిరగేసి చదివితే చాలు: భయం సమానంగా పంచబడిన ఆస్తి కాదు, కిందికి పోయినకొద్దీ వాటా పెరుగుతుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి "అల్పజీవి"లో సుబ్బయ్యను ఏ దెయ్యమూ పట్టలేదు. ఆఫీసు, అప్పు, బావమరిది, కంట్రాక్టరు: ఇవి చాలు అతనికి. నడిరోడ్డు మీద పట్టపగలు వణికే ఆ గుమాస్తాను మించిన భయానక పాత్ర తెలుగు నవలలో అరుదు. అయితే దాన్ని మనం "మనస్తత్వ నవల" అన్న అరలో పెట్టి ఊరుకున్నాం.

ఇక జుగుప్సను భయమని అమ్మే వ్యాపారం సంగతి. ఇందులో మన సీమకు జరిగిన అన్యాయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1999లో "సమరసింహారెడ్డి", 2001లో "నరసింహనాయుడు", 2002లో "ఆది", "ఇంద్ర": ఈ వరుస మొదలైన తర్వాత రాయలసీమ అంటే వేటకొడవలి, సుమో బండి, నాటుబాంబు, తెల్లచొక్కా మీద ఎర్రమరక. చిత్తూరు, అనంతపురం, కడప, కర్నూలు అన్న తేడా కూడా లేదు, అందరినీ ఒకే నెత్తుట్లో ముంచారు. ఆ సినిమాలు చూసి ఎవరైనా భయపడ్డారా? ఈలలు వేశారు. తలలు ఎన్ని తెగితే అంత ఉత్సాహం. ఎందుకంటే ఆ నెత్తురు ఎవరిదీ కాదు, రంగునీళ్ళు. తెగిన తలకు పేరు లేదు, పెళ్ళాం లేదు, పొలం లేదు. ముఠాకక్షల్లో నిజంగా భయంకరమైన కాలం రెండు హత్యలకు నడుమ వుంటుంది. పొద్దుగూకకముందే తలుపులేసుకునే ఇళ్ళు, బస్సు దిగిన కొత్త మనిషిని చూసి మాట ఆపే టీకొట్టు, సాక్ష్యానికి పిలుపు వచ్చిన రోజు నుంచి అన్నం ముద్ద దిగని ఒక కూలివాడు. అక్కడ నెత్తురు లేదు గనుక కెమెరా అక్కడికి పోదు. నెత్తురు ఎక్కువ చూపించినందుకు కాదు నేను ఈ సినిమాలను తప్పుపట్టేది. నెత్తురు చూపించి భయాన్ని దాచినందుకు. కక్షల్లో ఎవరి భూమి ఎవరి పాలైందో, ఏ కంట్రాక్టు ఎవరికి దక్కిందో అడగవలసిన ప్రేక్షకుడికి మొండెం చూపించి నోరు మూయించారు.

పత్రికలూ టెలివిజనూ చేసింది ఇదే. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఇరవైమంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎర్రచందనం కొట్టటానికి తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు, హక్కుల సంఘాలు బూటకమన్నాయి. ఆ రోజు అన్ని చానళ్ళూ చూపించినవి శవాలు, పక్కన దుంగలు. చూసి చూసి కళ్ళు మొద్దుబారాయి. రెండో రోజుకు ఆ బొమ్మ తిరుమల కొండకు పోయే యాత్రికుడిని ఆపలేదు. నన్ను ఇప్పటికీ వదలనిది వేరొక ముక్క. ప్రాణాలతో మిగిలిన ఒక కూలీ, తాను బస్సులో ఒక స్త్రీ పక్కన కూర్చుని వుండటంచేత తనను దింపలేదని, తోటివాళ్ళను మాత్రం దింపుకుపోయారని చెప్పాడు. అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఒక్క క్షణం ఆలోచించండి. ఖాళీ అయిన సీటు. ఆ సీటు వున్న బస్సు మళ్ళీ కదిలింది, కండక్టరు గంట కొట్టాడు, తర్వాతి స్టాపు పేరు చెప్పాడు. ఇరవై శవాల ఛాయాచిత్రం కంటే ఆ ఖాళీ సీటు ఎక్కువ భయపెడుతుంది, ఎక్కువ ప్రశ్నలు వేస్తుంది. ఎవరు దింపారు? ఏ హక్కుతో? ఎక్కడికి? నెత్తురు చూపని కథ చేసే పని ఇదే. దీన్ని కథగా రాసేవాడు మన మధ్య పుట్టాలంటే ముందు ఇలాంటి కథలు చదివే అలవాటు మన మధ్య వుండాలి.

ఇక్కడ మిత్రులు "తులసిదళం" పేరెత్తుతారు. ఎత్తవలసిందే. యండమూరి వీరేంద్రనాథ్ ఈ నవలను 1980ల మొదట్లో "ఆంధ్రభూమి" వారపత్రికలో ధారావాహికగా రాశారు. కాష్మోరా అన్న పేరు ఊరూరా పాకింది. "క్షుద్ర సాహిత్యం" అన్న మాట విమర్శలో స్థిరపడింది. రంగనాయకమ్మగారు "తులసిదళం కాదు గంజాయి దమ్ము" అని పుస్తకమే రాశారు. ఆ పోరాటం అవసరమైనదే. ఆ రోజుల్లోనే తెలంగాణా పల్లెల్లో, ముఖ్యంగా మెదక్ ప్రాంతంలో, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని పట్టి పళ్ళూడగొడుతున్నారు. అటువంటి సమయంలో క్షుద్రప్రయోగాన్ని వారంవారం లక్షల మందికి వడ్డించటం అమాయకమైన వినోదం కాదు. ఇంతవరకూ నాకు ఏ భేదాభిప్రాయమూ లేదు.

అయితే ఆ నవల దోషం ఎక్కడున్నదో సరిగ్గా పట్టుకోకపోవటం వల్ల తర్వాతివాళ్ళు దారి తప్పారు. దోషం దెయ్యంలో లేదు, తీర్పులో వున్నది. ఒక పసిపిల్లకు చావు మూడటానికి ఆ కథలో అసలు కారణం ఆస్తి. ఇది ఎంత గొప్ప వస్తువు! డబ్బు కోసం ఒక బిడ్డ చావును కోరే పెద్దమనుషులు: ఇంతకంటే భయం ఏముంటుంది? కాని రచయిత ఆ ఆస్తిని తెరవెనక్కి నెట్టి కాష్మోరాను ముందుకు తెచ్చాడు. చివరకు ఒక పక్క హిప్నాటిజం, ఒక పక్క మంత్రతంత్రం రెండూ నడిపించి, ఏది పనిచేసిందో నీ ఇష్టం అన్నాడు. నమ్మేవాడికి మంత్రం, నమ్మనివాడికి శాస్త్రం. ఇద్దరూ పత్రిక కొంటారు. అంగట్లో రెండు తక్కెడలు పెట్టినట్టు. దీన్ని ఖండించవలసిన మనం "భయపెట్టాడు" అని ఖండించాం. భయపెట్టటం నేరమైతే పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన" కూడా నేరమే. 1952లో అంతర్జాతీయ పోటీలో బహుమతి పొందిన ఆ కథలో రావుగారి పరువూ, సిద్ధాంతాలూ, క్రమశిక్షణా ఒక్క రాత్రి గాలికి ఎగిరిపోయి, ఒక బిచ్చగత్తె ఒంటి వెచ్చదనం మాత్రమే మిగులుతుంది. ఆ గాలి హోరును భయమనక ఏమంటాం?

తేడా స్పష్టం కావటానికి ఇంగ్లీషు కథ ఒకటి కాస్త వివరంగా చూద్దాం. డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 1902లో ప్రచురించిన "కోతి పంజా". మన కళాశాలల్లో ఇంగ్లీషు వాచకాల్లో తరచు కనిపించే కథే; పరీక్షకు నీతి రాయించి వదిలేస్తుంటారు, "దురాశ దుఃఖానికి చేటు" అని. ఆ నీతి శుద్ధ అబద్ధం. కథలో దురాశ ఎక్కడా లేదు. ముసలి తండ్రి కోరుకున్నది రెండువందల పౌన్లు, ఇంటి మీద మిగిలిన బాకీ తీర్చుకోవటానికి. ఇంటి అప్పు తీరాలనుకోవటం దురాశ అయితే తిరుపతిలో అద్దె ఇళ్ళలోనూ, బ్యాంకు వాయిదాల్లోనూ బతికే ఉపాధ్యాయులందరూ దురాశాపరులే.

కోతి పంజా ఎక్కడి నుంచి వచ్చింది? ఇండియా నుంచి. సామ్రాజ్యపు సైన్యంలో పనిచేసి వచ్చిన సార్జంటు మేజరు జేబులో పెట్టుకుని తెచ్చాడు. మనిషి బతుకును విధే నడుపుతుందని చూపటానికి ఒక ఫకీరు దానికి మంత్రం వేశాడట. వలసదేశం నుంచి వజ్రాలూ పత్తీ తెచ్చుకున్న ఇంగ్లీషువాడి ఇంటికి ఆ దారినే ఒక ఎండిన చెయ్యి కూడా వచ్చి చేరింది. రచయిత ఉద్దేశం ఇదేనని నేను అనను. ఆయన సామ్రాజ్యవాద వ్యతిరేకి అని నిరూపించే పని నాకు లేదు. కథలో వున్నది చెప్తున్నాను.

మర్నాడు కొడుకు పనికి పోతాడు. మధ్యాహ్నం మంచి బట్టలు వేసుకున్న ఒక మనిషి గేటు దగ్గర తచ్చాడుతాడు. లోపలికి వచ్చి చెప్పలేక చెప్తాడు: కొడుకు యంత్రంలో పడ్డాడు. కంపెనీకి ఈ విషయంలో ఏ బాధ్యతా లేదు. అయినా అతని సేవలను గుర్తించి కొంత సొమ్ము ఇవ్వదలచింది. ఎంత? రెండువందల పౌన్లు.

కథలో నన్ను అన్నిటికంటే వణికించే చోటు ఇదే. యంత్రంలో ఆ కుర్రవాడి ఒళ్ళు ఏమైందో రచయిత చూపించడు. శవాన్ని బట్టలను బట్టి గుర్తుపట్టవలసి వచ్చిందని తండ్రి నోట తర్వాత ఒక్క మాట వస్తుంది, అంతే. చూపించింది కంపెనీ మనిషి మర్యాద. బాధ్యత లేదు, సొమ్ము వుంది. ఈ రెండు మాటలూ మనకు కొత్తవా? 2020 మే 7న విశాఖ దగ్గర పాలిమర్స్ కర్మాగారం నుంచి విషవాయువు వచ్చి పన్నెండుమంది పోతే తలకు కోటి రూపాయలు ప్రకటించారు. 2025 జనవరి 8న మన తిరుపతిలోనే వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు పోతే ఇరవై అయిదు లక్షల చొప్పున ప్రకటించారు. సొమ్ము ఇవ్వవద్దని నేను అనటం లేదు, ఇంకా ఎక్కువ ఇవ్వమంటాను. కాని అంకె వినగానే మనకు ఏమౌతున్నది? లెక్క తేలిపోయినట్టు తోస్తుంది, ప్రశ్న ఆగిపోతుంది. జేకబ్స్ కథలో మాత్రం అంకె విన్న క్షణంలోనే తల్లి కెవ్వున అరుస్తుంది, ఎందుకంటే అది ఆ ఇంట్లో కోరుకున్న అంకె. ప్రాణానికీ సొమ్ముకూ మధ్య మనం ప్రతి రోజూ దిగమింగే సమీకరణాన్ని ఆ అరుపు తిరిగి గొంతులోకి తెస్తుంది.

ఆ తర్వాత రాత్రి, కొడుకు తిరిగి రావాలన్న రెండో కోరిక, తలుపు తట్టిన చప్పుడు, గడియ తీయటానికి కుర్చీ ఎక్కిన తల్లి, చీకట్లో పంజా కోసం నేల తడుముతున్న తండ్రి. మూడో కోరిక ఏమిటో రచయిత చెప్పడు. తలుపు తెరిస్తే వీధి ఖాళీ. చప్పుడు తప్ప పాఠకుడు ఏమీ చూడలేదు. యంత్రం నలిపిన దేహాన్ని తల్లి చూడకూడదని తండ్రి భయం. ఏ స్థితిలో వున్నా నా బిడ్డే అని తల్లి ఆరాటం. ఈ రెంటి మధ్య తలుపు మూసివుంది.

ఇప్పుడు "తులసిదళం"తో పోల్చండి. పంజాకు నిజంగా మహిమ వున్నదా? కథ చెప్పదు. కొడుకు చావు కాకతాళీయం కావచ్చు, తలుపు చప్పుడు గాలి కావచ్చు, ఎవరైనా దారిన పోయేవాడు కావచ్చు. ఆ సందేహం చివరిదాకా వున్నది. కాని సందేహం లేని సంగతి కూడా ఒకటున్నది: యంత్రం, కంపెనీ, బాధ్యత లేదన్న మాట. అతీతశక్తి దగ్గర సందేహం పెట్టి, సంఘం దగ్గర సందేహం లేకుండా రాసిన కథ ఇది. "తులసిదళం"లో ఆస్తి సంగతి మసక, మంత్రం సంగతి జాజ్వల్యమానం. దెయ్యం వున్నదా లేదా అని కాక, ఏది మసకగా వున్నది, ఏది వెలుతుర్లో వున్నది అని అడిగితే ఏ భయం కథ జాతకమైనా బయటపడుతుంది.

సందేహం మిగిల్చే కథలు ప్రమాదకరమని, చదువురాని జనం అందులోంచి మూఢత్వాన్నే తీసుకుంటారని ఒక అభ్యంతరం వుంది. ఇది "జనం" మీద మన మధ్యతరగతి విద్యావంతుల చిన్నచూపు తప్ప వేరేమీ కాదు. రవీంద్రుడు 1895లో రాసిన "ఆకలిగొన్న రాళ్ళు" కథ చూడండి. నైజాం రాజ్యంలో పత్తి మీద సుంకం వసూలు చేసే ఉద్యోగి ఒకడు పాడుబడిన పాలరాతి మహలులో దిగుతాడు. పగలు పత్తి సుంకాల లెక్కలు, రాత్రి ఎప్పుడో చచ్చిన నవాబుల కామనల మధ్య అత్తరు వాసన, గజ్జెల చప్పుడు, కంటికి కనిపించని ఆడవాళ్ళు. ఎందరి కన్నీళ్ళు తాగిందో ఆ మహలు, ఇంకా దాని దాహం తీరలేదు. ఒక పిచ్చివాడు తెల్లవారకుండానే చుట్టూ తిరుగుతూ దూరంగా పొండి, అంతా అబద్ధం అని అరుస్తుంటాడు. రైలు స్టేషనులో చెప్తున్న ఈ కథ సగంలోనే రైలు వచ్చి ఆగిపోతుంది. విన్న ఇద్దరిలో ఒకడు దివ్యజ్ఞానవాది, నమ్మాడు. రెండోవాడు హేతువాది, మనల్ని వెర్రివాళ్ళను చేశాడన్నాడు. ఆ తగవుతో జన్మకంతా వాళ్ళ మాటలు ఆగిపోయాయి. నమ్మినవాడూ నమ్మనివాడూ ఇద్దరూ ఆ ఆడవాళ్ళు ఎవరని అడగటం మరిచారు. ఆ ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్ళే.

ఈ రవీంద్రుడే 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్నాళ్ళుండి, "జనగణమన"ను అక్కడే ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ మదనపల్లె పేరే 2021 జనవరిలో దేశమంతా మార్మోగింది, వేరే కారణానికి. ఎదిగిన ఇద్దరు కూతుళ్ళను తల్లిదండ్రులే చంపారని, వాళ్ళు తిరిగి లేస్తారని నమ్మారని పోలీసులు కేసు పెట్టారు. ఆ దంపతులు ఇద్దరూ చదువు చెప్పే వృత్తిలో వున్నవాళ్ళు. ఈ ఘటన ఎత్తి నన్ను అడిగారు మిత్రులు: "దీని తర్వాత కూడా దెయ్యం కథలు చదవమంటావా?" ఒక భయం కథ చదివివుంటే ఆ పిల్లలు బతికేవాళ్ళని చెప్పటానికి నేనేమీ మంత్రగాణ్ణి కాను. ఆ ఇంట్లో ఏం జరిగిందో మనస్సు రోగాల వైద్యులూ న్యాయస్థానమూ తేల్చాలి. కాని మన సంఘాలకు ఆ ఘటన మిగిల్చిన ప్రశ్న వేరు. విజ్ఞానశాస్త్ర పట్టాలు మూఢత్వానికి అడ్డుకట్ట అన్న మన పాఠం ఆ రోజు చెల్లలేదు. ఎందుకు చెల్లలేదు? దెయ్యం లేదని మనం చెప్పాం; భయం వున్నదన్న సంగతి మాట్లాడలేదు. రేపటి గురించి భయం, బిడ్డల గురించి భయం, లోకం చెడిపోతున్నదన్న భయం. వీటిని బల్ల మీద పెట్టి మాట్లాడుకునే చోటు మనం ఇవ్వకపోతే ఆ మనిషి తాయెత్తులవాడి దగ్గరికి పోతాడు, లేదా అర్ధరాత్రి చెవుల్లో పెట్టుకుని వినే యూట్యూబు బాబా దగ్గరికి పోతాడు. జనవిజ్ఞాన వేదిక మిత్రులు ఊరూరా నిప్పుల మీద నడిచి, కొబ్బరికాయలో నెత్తురు రప్పించి గుట్టు విప్పుతున్నారు. మంచి పని. బాబాల కనికట్టును అది విప్పుతుంది. భయాన్ని విప్పే పని సాహిత్యానిది, దాన్ని మనం చేయటం లేదు.

అమెరికాలో షర్లీ జాక్సన్ 1948లో "లాటరీ" అన్న కథ ప్రచురిస్తే వందలకొద్దీ ఉత్తరాలు వచ్చిపడ్డాయి, ఎక్కువ భాగం కోపంతో. ఎండకాసే ఒక పొద్దున ఊరంతా చేరి చీట్లు తీస్తుంది, నల్లచుక్క వచ్చిన మనిషిని రాళ్ళతో కొడుతుంది. ఆ చుక్కను ముందు రోజు రాత్రి బొగ్గు వ్యాపారి తన ఆఫీసులో పెన్సిలుతో దిద్దాడు. మొదటి రాయి తగలగానే కథ ఆగిపోతుంది. గాయం చూపరు. చూపితే మనం ఆమె గాయాన్ని చూసి జాలిపడి బయటపడేవాళ్ళం. చూపలేదు గనుక రాయి మన చేతిలోనే మిగిలింది. బాణామతి పేరుతో పళ్ళూడగొట్టిన ఊరిని గురించి ఇటువంటి కథ తెలుగులో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టుకోండి. స్త్రీల సంగతి చెప్పాలంటే షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892 నాటి "పసుపుపచ్చ గోడకాగితం" చాలు: వైద్యుడైన భర్త విశ్రాంతి పేరుతో గదిలో పెట్టిన బాలింత, గోడ మీది నమూనా వెనక ఇంకో ఆడది పాకటం చూస్తుంది. భర్త దుర్మార్గుడు కాదు, ఎంతో ప్రేమగా మాట్లాడతాడు. ఆ ప్రేమే భయం.

ఇవన్నీ పరదేశపు సరుకు అనేవాళ్ళకు ఊరి సంగతే చెప్తాను. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరను మనలో చాలామంది మూఢాచారం అన్న ఒక్క మాటతో దాటిపోతారు. ఆ జాతర చెప్పే కథ విన్నారా? ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు ఒకడు. గంగమ్మ తన నిజస్వరూపం చూపేసరికి పారిపోయి దాక్కున్నాడు. అక్కడి నుంచి ఆమె రోజుకో వేషం. బైరాగిగా వెతికింది, బండ వేషంలో తిట్టుకుంటూ వెతికింది, తోటిగా వెతికింది. వాడు బయటికి రాలేదు. దొర వేషం వేసుకుని వచ్చేసరికి వచ్చాడు. బైరాగి పిలిస్తే రాని పాలెగాడు, తోటి పిలిస్తే రాని పాలెగాడు, దొర పిలిస్తే వచ్చాడు! ఏ రాజకీయార్థశాస్త్రం ఇంత పొదుపుగా చెప్పగలదు? తల నరకటం ఆ కథలో ఒక్క క్షణం. మిగతా రోజులన్నీ వీధుల్లో తిరిగే వేషాలు, దాక్కున్నవాడి గుండెచప్పుడు. మామూలు కథల్లో జనం వణుకుతారు, దొరలు వెతుకుతారు. ఇక్కడ వణికేది పాలెగాడు. పాలెగాళ్ళను పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే కుంఫిణీ అణచివేసింది. తిరుపతి జనం మాత్రం ఏడాదికొకసారి వాణ్ణి మళ్ళీ దాక్కోనిచ్చి మళ్ళీ వెతుకుతారు. ఆ తర్వాత మాతంగి వేషంలో పోయి పాలెగాడి భార్యను ఓదారుస్తుందని కూడా చెప్తారు. ఇది నాకు ఇంకా మింగుడుపడలేదు, నిజం చెప్పాలంటే. కాని ఫ్యాక్షను సినిమా తీసేవాడికి ఈ ఆలోచన పుట్టదని మాత్రం తెలుసు.

రాసినవాళ్ళలో చిత్తూరు జిల్లా తలపులపల్లెలో పుట్టిన కేశవరెడ్డిగారు ఈ రహస్యం ఎరిగినవారు. వృత్తిరీత్యా కుష్ఠురోగుల వైద్యులు, 2015లో చనిపోయారు. "అతడు అడవిని జయించాడు" అన్న చిన్న నవలలో ఈననున్న పంది తప్పిపోతే ఒక ముసలివాడు ఈటె పట్టుకుని అడవికి పోతాడు. ఒక రాత్రి. దెయ్యం లేదు. పేరు కూడా లేని ఆ ముసలివాడి చుట్టూ చీకటి, నక్కల అలికిడి, మనిషికీ జంతువుకూ మధ్య కరిగిపోతున్న గీత. అడవి భయం ఆకలి భయమేనని రచయిత ఎక్కడా ఉపన్యసించరు. దాన్ని మనం యథార్థవాద నవల అని చదివాం, సరే. అది భయానకం కూడానని ఒప్పుకుంటే యథార్థవాదం మైలపడదు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. వచ్చే సెలవుల తరగతిలో "కోతి పంజా"ను తెలుగులో చెప్పండి, లేదా చదివించండి. మొదటి అయిదు నిమిషాల్లోనే దెయ్యాలు లేవన్న ఉపన్యాసం మొదలుపెట్టకండి; పిల్లలకు అది తెలుసు, తెలిసే భయపడతారు, భయపడనివ్వండి. తలుపు చప్పుడు దగ్గర పుస్తకం మూసి, ఆ తల్లి గడియ తీయాలా వద్దా అని అడగండి. తరగతి రెండుగా చీలుతుంది, అరుచుకుంటారు, ఆపకండి. అరుపులు తగ్గాక నాలుగు పేజీలు వెనక్కి తిప్పించి, గేటు దగ్గర తచ్చాడిన ఆ మంచి బట్టల మనిషి సరిగ్గా ఏమన్నాడో ఒక పిల్లవాడి చేత గట్టిగా చదివించండి.